మిషనుకు మినహాయింపు

సోమందేపల్లె
12 జూన్ 2003

అమ్మా జయంతీ,

మామ గంగప్పను. మేమందరం బాగున్నాము. పోయిన వారం మీ అమ్మ పెనుకొండ నుంచి వచ్చి పోయింది. మోకాళ్ళు నొప్పులంటూనే మా అందరికంటే ముందు మిద్దెక్కింది.

వాన ఇంకా రాలేదు. శనక్కాయ విత్తనం ఇంట్లోనే ఉంది.

నేను ఉత్తరాలు రాసేవాణ్ణి కాదని నీకు తెలుసు. ఫోన్ చేయాలంటే మన అచ్చు ప్రెస్సులో నుంచే చేయాలి. అక్కడ అందరూ వింటారు. పైగా ఫోన్లో నాకు మాట రాదు. అందుకని కాగితం పట్టుకున్నాను.

నువ్వు హైదరాబాదులో ఫ్యాక్టరీల వాళ్ళకు పొల్యూషన్ ఆఫీసు కాగితాలు తయారుచేసి పెట్టే కంపెనీలో ఉన్నావని మీ అమ్మ చెప్పింది. ఆ విషయమే ఒకటి అడగాలి.

మన మల్లికార్జున ప్రెస్సుకు ఇంకొక మిషను తెచ్చినాడు. బెంగళూరులో ఎవరో వాడి వదిలినది. ప్లాస్టిక్ కవర్ల మీద అచ్చు వేస్తుంది. చిక్కీలకు, సేమ్యాకు, విత్తనాలకు కవర్లు కావాలని హిందూపురం నుంచి కూడా వస్తున్నారు. వాళ్ళ నాయన, మా తమ్ముడు పోయినప్పటి నుంచి ప్రెస్సు వాడే నడుపుతున్నాడు కదా. నేను ఒక మూల కాలితో తొక్కే నా పాత ట్రెడిల్ మిషను మీద లగ్నపత్రికలు, రసీదు పుస్తకాలు వేసుకుంటున్నాను.

"ఏం పెద్నాయనా, నీ అచ్చు చెమట తగిలితే పోతాది. నా అచ్చు నీళ్ళలో నానేసినా పోదు" అంటాడు. నిజమే, పోదు.

ఆ రంగు పలచన కావడానికి థిన్నర్ పోస్తారు. గోళ్ళరంగు వాసన వస్తుంది. మిషను మీద ఉండే ఆదెన్నకు సాయంత్రానికి తల పట్టేస్తుంది. గోడకు అవతల ఖాజా హుస్సేన్ వాళ్ళ పురుగుల కొట్టం. ఆయన భార్య హబీబా ఇంకా పట్టుపురుగులు పెంచుతూనే ఉంది. పురుగుకు ఏ వాసనా పడదు. చిన్నప్పుడు నువ్వు తలకు సంపెంగ నూనె పెట్టుకొని పోతే వాకిట్లోనే ఆపి పంపింది, నీకు గుర్తుంటుంది. కొట్టంలో పురుగు ఉన్నన్నాళ్ళూ ఎలా ఉందని మన వీధిలో ఎవరూ అడగరు. అడిగితే దిష్టి. వాళ్ళూ చెప్పరు. గూళ్ళు మార్కెట్టుకు పోయినాకనే మాట.

కాగితం రీములు అమ్మే ఆయన వచ్చి, ఇలాంటి మిషన్లకు పొల్యూషన్ ఆఫీసు అనుమతి ఉండాలని, లేకుంటే ఆపేస్తారని చెప్పినాడు. మన మిషనుకు ఆ రూలు వర్తిస్తుందా? కనుక్కో. వర్తించేదైతే ఉన్నదున్నట్టు రాయి. మొహమాటం వద్దు.

మీ మామ
గంగప్ప


హైదరాబాదు
24 జూన్ 2003

మామా,

కవరు మీద నా పేరు లగ్నపత్రికలో అచ్చేసినట్టు రాశావు. పోస్ట్‌మ్యాన్ ఎవరింట్లో పెళ్ళమ్మా అని అడిగాడు. మా పాప హేమలత నీ ఉత్తరం కూడబలుక్కుని చదివి, "మిద్దెక్కడమంటే ఏంటి?" అంది. లిఫ్టు ఎక్కడం తప్ప దానికేమీ తెలియదు.

నువ్వు భయపడొద్దు. ఇది నేను రోజూ చేసే పని. ఒక్కసారి వివరంగా రాస్తాను, మల్లికార్జునకు కూడా చదివి వినిపించు.

ప్రెస్సులన్నీ ఒకటి కావు. నీ ట్రెడిల్ మీద వేసే నూనె రంగును కాగితం తాగేస్తుంది. గాలిలోకి పోయేది కొద్దిగానే. ప్లాస్టిక్ ఏమీ తాగదు. కలిపిన థిన్నర్ మొత్తం ఎగిరిపోతేనే రంగు ఆరుతుంది. అంటే డబ్బాలోంచి ఎంత పోస్తే అంతా గాలిలో కలిసినట్టే. పొగ కనబడదు కనుక ఏమీ పోవడం లేదని అందరూ అనుకుంటారు.

అందుకే ఇలాంటి ప్రెస్సుల విషయంలో మిషను ఎంత పెద్దది, పొగగొట్టం ఉందా లేదా అని చూడరు. నెలకు రంగు, థిన్నర్, మిషను కడిగే మందు అన్నీ కలిపి ఎంత ఖర్చవుతున్నాయో చూస్తారు. అది ఒక హద్దు లోపల ఉంటే మీరు చిన్నవాళ్ళ కింద లెక్క. అనుమతి తీసుకోనక్కర్లేదు, మినహాయింపు. హద్దు దాటితే అనుమతి, తనిఖీలు, గాలిని వడకట్టే సామాను, చాలా తతంగం ఉంటుంది.

మీరు నెలకు ఏది ఎంత వాడుతున్నారో రాసి పంపు. కడగడానికి వాడేది మర్చిపోకండి. అందరూ రంగు రాస్తారు, కడిగేది రాయరు. నాకు తెలిసి మీరు హద్దు దరిదాపుల్లో కూడా ఉండరు. మినహాయింపు తెప్పించే పూచీ నాది.

ఇక్కడా వానల్లేవు. ట్యాంకరు వచ్చిందంటే అపార్ట్‌మెంటంతా బకెట్లతో దిగుతుంది. సోమందేపల్లె బోరింగు దగ్గర నేర్చుకున్న విద్యంతా ఇప్పుడు పనికొస్తోంది.

నీ
జయంతి


సోమందేపల్లె
8 జూలై 2003

జయంతీ,

ఉత్తరం అందింది. మల్లికార్జునకు చదివి వినిపించినాను. "చూస్తివా, చదువుకున్న పిల్లంటే అట్లుండల్ల" అన్నాడు. వాడు చెప్పిన వాడకం వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టినాను.

నేను అక్షరాలు కడిగే కిరసనాయిలు కూడా అందులో రాసినాను. రోలర్లు తుడిచే పెట్రోలు కూడా. అవి కూడా కలుపు. దీపావళికి ముందు చిక్కీ కవర్లు రెట్టింపు అవుతాయంటున్నారు, అదీ చూసుకో. మల్లికార్జున వచ్చే ఏడాది రెండో మిషను తెస్తానంటున్నాడు. దాన్ని కూడా కలిపితే హద్దు దాటుతుందేమో. మనవాళ్ళని తక్కువ వేయొద్దు.

ఒక వాన పడింది. దుమ్ము అణిగింది, అంతే. కొందరు ఆశపడి విత్తినారు. నేను విత్తలేదు.

హబీబా కొట్టం కిటికీకి తడి గోనెపట్ట కట్టింది. వాళ్ళ పోయిన పంట గూళ్ళు పలచగా ఉన్నాయని మార్కెట్టులో అన్నారంట. ఈ మాట ఆమె చెప్పలేదు, ఖాజా హుస్సేనూ చెప్పలేదు. బస్సులో ఎవరో అనుకుంటే విన్నాను. నిన్న బోరింగు దగ్గర ఎదురుపడింది.

"ఏమన్నా, మీ మిషను బాగా తిరుగుతాండాదా?" అంది.

"తిరుగుతాండాదమ్మా" అన్నాను.

"బాగుండాది" అని బిందె ఎత్తుకుంది.

ఇప్పుడు మళ్ళీ పురుగు తెచ్చింది కాబట్టి నేను ఏమీ అడగలేదు.

ఆఫీసు వాళ్ళ హద్దు ఎంతో నాకు తెలియదు. నువ్వు బాగా గట్టిగా లెక్క వెయ్యి.

మీ మామ


హైదరాబాదు
19 జూలై 2003

మామా,

నీ లెక్క చూసి మా ఆఫీసులో అందరం నవ్వుకున్నాం, ముచ్చటపడి. ఇంతవరకు మా దగ్గరికి వచ్చిన వాళ్ళంతా ఉన్నది దాచినవాళ్ళే. లేనిది కూడా కలపమన్నవాడివి నువ్వొక్కడివే. లేని మిషనును కలపకూడదు మామా. కిరసనాయిలు కలిపాను, పెట్రోలు కలిపాను, దీపావళిని ఏడాది పొడవునా సాగదీసి కూడా చూశాను. హద్దులో సగానికి రాలేదు. ఇక హాయిగా ఉండు.

నువ్వు మొదటి నుంచీ ఇంతే. నా పదో తరగతి ఫలితాలు పేపర్లో చూడ్డానికి భయపడి, పేపరు మడిచి జేబులో పెట్టుకుని బస్టాండంతా తిరిగావని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. పాసయ్యాను కదా. ఇదీ అంతే.

ఆదెన్నకు తల పడుతోందని రాశావు. అది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆ ఆవిరి గదిలో నిలవ ఉండకూడదు. మిషను పక్క గోడకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించు. లోపలి గాలి లోపల ఉంచకుండా బయటకు తోసేయాలి. అర్జీలో కూడా "గాలి బయటకు పోవడానికి తగిన ఏర్పాటు ఉంది" అని రాస్తే గట్టిగా ఉంటుంది. వెంటనే పెట్టించండి, నేను ఆ మాట రాసేస్తున్నాను.

హబీబత్త ఇంకా ఆ ఇత్తడి బిందే మోస్తోందా? ప్లాస్టిక్ బిందె కొనుక్కోమని చెప్పు. మల్లికార్జునతో దాని మీద పేరు అచ్చేయించు, నానేసినా పోదు.

జయంతి


సోమందేపల్లె
14 ఆగస్టు 2003

జయంతీ,

ఫ్యాను పెట్టించినాడు. ఆదెన్న తలనొప్పి పోయింది. నువ్వు చెప్పిన మాట నిజమే.

ఏ గోడకు పెట్టాలనే మాట వచ్చింది. వీధి గోడకు బోర్డు ఉంది, దాని కింద బల్ల మీద గిరాకీ కూర్చుంటారు. వెనక గోడ నిండా కాగితం రీములు. ఇక మిగిలింది కొట్టం పక్క గోడ.

"ఆ పక్క వద్దేమో" అన్నాను.

"మళ్ళ యాడ పెట్టల్ల పెద్నాయనా, ఆకాశంలోనా? మిషను పక్క గోడకని జయంతే రాసె కదా" అన్నాడు మల్లికార్జున. అందరూ నవ్వినారు. నీ ఉత్తరం చదివి వినిపించింది నేనే కాబట్టి గమ్మున ఉండిపోయినాను.

ఒకటి అడగాలి. ఇలా అర్జీ పెట్టుకున్నాక ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి చూసే పద్ధతి ఉందా? వస్తే చుట్టుపక్కల కూడా చూస్తారా? ఎప్పుడు వచ్చేదీ తెలిస్తే నేను ఇంటి దగ్గరే ఉంటాను. మినహాయింపు ఇవ్వకుండా వెనక్కి పంపడం కూడా ఉంటుందా?

విత్తనం ఇంకా ఇంట్లోనే ఉంది. ఇక విత్తే అదను దాటిపోయింది. వేయించుకొని తింటున్నాము.

మీ మామ


హైదరాబాదు
2 సెప్టెంబరు 2003

మామా,

తీపి చేసుకోండి. మినహాయింపు వచ్చింది. ముద్రతో సహా అసలు కాగితం ఇందులో పెట్టాను, నలగకుండా తీయి.

నీ ప్రశ్నలకు జవాబు: ఎవరూ రారు. ఈ హద్దు లోపల ఉన్నవాళ్ళ దగ్గరకు తనిఖీకి రావడమంటూ ఉండదు. వాడకం పెరిగినా, చోటు మారినా ఒక కాగితం రాసి తెలపాలి, అంతే. ఇక మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. నువ్వు ఇంటి దగ్గర కాచుకొని కూర్చోనక్కర్లేదు.

ఈ ఒక్కదానికి నేను ఎంత తిరిగానో తెలుసా? పెద్ద ఫ్యాక్టరీల ఫైళ్ళు పక్కన పెట్టి మరీ చేశాను. మా మామ భయం పోవాలి, అంతే అనుకున్నాను.

హేమలత నీకు నమస్కారం రాస్తానని పట్టుబట్టింది. కింద ఉన్న పురుగు లాంటిది దాని సంతకం.

జయంతి


సోమందేపల్లె
21 సెప్టెంబరు 2003

జయంతీ,

కాగితం అందింది. మల్లికార్జున దాన్ని అద్దం ఫ్రేము కట్టించి దేవుడి పటం పక్కన తగిలించినాడు. వచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తున్నాడు.

హబీబా పురుగులు చచ్చిపోయినాయి.

పోయిన నెలాఖరులో తెచ్చినవి, నాలుగో జ్వరం లేచిన పురుగులు. నాలుగో జ్వరమంటే మేత మాని కదలకుండా పడుకునే ఆఖరి పడక. అది లేచిన వారం ఆకు ఎంత వేసినా చాలదు. ఆ నమిలే చప్పుడు గోడకు ఈపక్క నా ట్రెడిల్ ఆపితే వినిపిస్తుంది. ఈసారి ఆపి విన్నాను. ఏమీ వినిపించలేదు. అయినా పోయి అడగలేదు. పురుగు ఇంట్లో ఉన్నప్పుడు అడగరు కదా. ఆమె కూడా చెప్పలేదు. రెండిళ్ళ మధ్య ఉండేది ఒక్క గోడ.

మొన్న పొద్దున ఖాజా హుస్సేన్ పెరట్లో గుంత తవ్వుతుంటే చూసినాను. అప్పుడు పోయినాను. కిటికీ పక్క తట్టల్లో ఒక్కటీ మిగల్లేదని, ఆ చివరి గోడ దగ్గరవి మాత్రం కొన్ని చంద్రికల వెదురు చట్రాలెక్కి గూడు కడుతున్నాయని హబీబా చెప్పింది. అరవలేదు, తిట్టలేదు. గోనెపట్ట విప్పి మడత పెడుతూ చెప్పింది.

మల్లికార్జునకు చెప్పినాను.

"ఎండకు చచ్చింటాయి పెద్నాయనా. ల్యాకుంటే ఆకులో మందుంటాది. మనకు కాయితం ఉండాది కదా, మన గాలిలో ఏమీ ల్యా అని" అన్నాడు.

జయంతీ, నేను మొదటి ఉత్తరం నుంచి అడుగుతున్నది ఇదే. నువ్వు వర్తిస్తుందని రాస్తావని అడిగినాను. కిరసనాయిలు కలపమన్నది హద్దు దాటాలని. ఎవరైనా వస్తారా అన్నది వస్తారని. వచ్చి ఈ మిషను ఇక్కడ పెట్టకూడదని వాళ్ళు చెప్తే వాడు వింటాడు. నేను చెప్తే నవ్వుతాడు. వాడు చెడ్డవాడు కాదు. నాకే నోరు లేదు.

నీ తప్పేమీ లేదు. నేను రాసిన తీరు అలా ఉంది. ఇప్పుడు ఆ మినహాయింపు వెనక్కి తీసుకోమని రాస్తే తీసుకుంటారా?

మీ మామ


హైదరాబాదు
29 సెప్టెంబరు 2003

మామా,

నీ పాత ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్ళీ చదివాను. ప్రతిదాంట్లోనూ హబీబత్తో, ఆమె కొట్టమో ఉంది. మొదటిదాంట్లోనే గోడ, కొట్టం, పురుగు, వాసన అన్నీ ఉన్నాయి. నేను బిందె మీద జోకు రాశాను. నాకు కోపంగా ఉంది, నా మీదా, నీ మీదా. "వాళ్ళ పురుగుల కోసం అడుగుతున్నాను" అని ఒక్క ముక్క రాస్తే నీ కలం అరిగిపోయేదా? ఏ గోడకు అవతల ఏముందో అడక్కుండా ఫ్యాను పెట్టమన్నదాన్ని నేను. ఆ మాట అర్జీలో రాసుకుని మెచ్చుకున్నదాన్ని కూడా నేనే.

ముందు మల్లికార్జునకు ఇది చెప్పు. మినహాయింపు అంటే గాలిలో ఏమీ లేదని కాదు. ఇంత చిన్నవాళ్ళందరి వెంటా తిరగలేము, అనుమతి అక్కర్లేదు పొండి అని. అంతే దానికి అర్థం. ఆ హద్దు ఊరందరి గాలికీ కలిపి వేసిన లెక్క. గోడకు అవతల చేయి చాచితే అందేంత దూరంలో పట్టుపురుగు ఉందని ఆ లెక్కకు తెలియదు. తెలిసిన వాళ్ళు మీరు.

వెనక్కి తీసుకోమని మీకు మీరు రాస్తే తీసుకోరు. హద్దు లోపల ఉన్నారు కాబట్టి మినహాయింపు దానంతటదే వర్తిస్తుంది. కానీ పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే మినహాయింపు ఉన్నా సరే, వచ్చి చూడాలి. హబీబత్త పేరున అర్జీ రాసి పంపుతున్నాను. ఆమె సంతకం పెడితే చాలు. మిగతాది నేను చూసుకుంటాను. ఈసారి ఎవరో ఒకరు వచ్చేదాకా వదలను.

ఫ్యాను మాత్రం ఈ రోజే ఆపించు.

జయంతి


సోమందేపల్లె
12 అక్టోబరు 2003

జయంతీ,

నువ్వు పంపిన అర్జీ తీసుకొని హబీబా ఇంటికి పోయినాను. ఖాజా హుస్సేన్ చదివి ఆమెకు చెప్పినాడు.

"ఆఫీసరు ఒకనాడు వచ్చి పోతాడన్నా. మల్లికార్జున మాకు దినామూ కనపడేటోడు. నేను పోలీసుకు చెప్పినోనిలా వాని మొగం యాడ చూసేది?" అన్నాడు.

"పేరు నీది కాదు, ఆమెది" అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నాను.

హబీబా అప్పుడు నవ్వింది. నవ్వి అంది కదా, "ఏమన్నా గంగప్పన్నా, నీ నోరు నీ తావ భద్రంగా పెట్టుకొని నా సంతకం అడిగేకి వచ్చినావే. మీ ఇంటి పిల్లోన్ని నువ్వడగల్లనా, నేనడగల్లనా?"

టీ ఇచ్చింది. తాగినాను. అర్జీ మడిచి జేబులో పెట్టుకొని ప్రెస్సుకు వచ్చినాను.

అక్కడ సేమ్యా కవర్ల వాళ్ళు కూర్చొని ఉన్నారు. మిషను తిరుగుతోంది. ఆదెన్న ఉన్నాడు. ఎవరూ లేనప్పుడు చెబుదామని ముందు అనుకున్నాను. మళ్ళీ అలాగే అనుకుంటే ఇంకొక పంట పోతుందనిపించింది. పోయి ఫ్యాను స్విచ్చి ఆపినాను. తరువాత మిషనుది కూడా.

"ఏమాయ పెద్నాయనా, కరెంటు పోయెనా?" అన్నాడు మల్లికార్జున.

"నేనే ఆపినా. ఈ మిషను ఈడొద్దు."

వాడు ముందు నవ్వినాడు. తరువాత ఫ్రేము చూపించినాడు. "ఈ కాయితం ఎవురు తెప్పిచ్చిరి? నువ్వే కదా. గవర్మెంటే వద్దనలేదు. మనల్ని ఎవురూ అడిగేది ల్యా అని జయంతి రాయలేదా?"

"రాసింది. ఎవురూ అడగరు. అందుకే నేనడుగుతాండా" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సేమ్యా ఆయన లేచి బయటకు పోయినాడు.

"ఆయమ్మ పురుగుల కోసం నా మిషను యాడికి తీసకపోవల్ల? నీ నెత్తినా?" అన్నాడు మల్లికార్జున. వాడికి కోపం వచ్చింది. వాడి కోపం నాకు తెలుసు, వాడి నాయనది కూడా ఇలాగే ఉండేది.

"హైవే పక్క నా మెట్టచేన్లో కొట్టం ఉండాది. దాంట్లో పెట్టు."

"అది నీ గడ్డి కొట్టం."

"ఈ ఏడు పెట్టేకి గడ్డి యాడుండాది?"

వాడు చొక్కా వేసుకొని బండి తీసి బయటకు పోయినాడు. ఇది జరిగి నాలుగు దినాలైంది. నాతో మాట్లాడడం లేదు. అన్నానికి వస్తాడు, తింటాడు, పోతాడు. కానీ మిషను స్విచ్చి వేయలేదు. ఫ్యాను కూడా వేయలేదు. కవర్ల వాళ్ళు వస్తే "రిపేరు" అని చెప్పి పంపిస్తున్నాడు.

నేను ఎక్కువ చేసినానా? నువ్వు చెప్పు.

అర్జీ నీకే వెనక్కి పంపిస్తున్నాను.

మీ మామ


హైదరాబాదు
20 అక్టోబరు 2003

మామా,

ఎక్కువ చేయలేదు. ఇంకొంచెం ముందు చేసి ఉండాల్సింది. ఇద్దరం.

ఇప్పుడు తగ్గొద్దు. "పోనీలే నాయనా" అని అన్నానికి పిలుస్తూ ఆ మాట కలిపేస్తావేమో, నాకు నీ సంగతి తెలుసు. అన్నానికి పిలు, ఆ మాట మాత్రం కలపొద్దు.

చేని కొట్టం మంచి ఆలోచన. కానీ ఈసారి నేను అడగాల్సినవి అడుగుతున్నాను. చుట్టూ ఎవరి ఇళ్ళున్నాయి? మల్బరీ తోటలున్నాయా? ఎవరైనా మేకల్ని కడతారా? ఏ గాలి ఎటు తోలుతుంది? ఫ్యాను ఏ వైపు తిరుగుతుంది? గది తలుపుకు ఎదురుగా కిటికీ ఉండి గాలి ఆడితే ఫ్యాను పని సగం అదే చేస్తుంది. థిన్నర్ డబ్బా మూత తీసి పెట్టొద్దని ఆదెన్నకు గట్టిగా చెప్పండి. మూత లేకుంటే వాడకుండానే సగం ఎగిరిపోతుంది. కడిగిన గుడ్డలు కూడా మూత ఉన్న డబ్బాలోనే వేయాలి. దుడ్లు కూడా మిగులుతాయని మల్లికార్జునకు చెప్పు, ఆ మాట వింటాడు.

ఇవన్నీ మొదటి ఉత్తరంలోనే రాయాల్సినవి. అప్పుడు నాకు హద్దు తప్ప ఏమీ కనబడలేదు.

హబీబత్తకు నేను విడిగా రాశాను. ఏం రాశానో నీకు చెప్పను.

జయంతి


సోమందేపల్లె
30 నవంబరు 2003

జయంతీ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. చేన్లో పని ఉండింది.

నువ్వు రాసిన ప్రశ్నలు చొక్కా జేబులో పెట్టుకొని పోయినాను. కొట్టానికి పడమర హైవే. తూర్పున గుట్ట. దక్షిణాన పాడుబడిన కంకర క్వారీ. ఇళ్ళు లేవు. మల్బరీ తోట ఒకటి ఉంది కానీ హైవేకు అవతల, చాలా దూరం. మేకలను కాసే మారెక్కను అడిగినాను. "ఆ గుట్టకు మేకల్ని తోలితే నేనే ఆకలికి చస్తా, గడ్డి యాడుండాది సామీ" అంది. గాలి ఎక్కువ నాళ్ళు పడమర నుంచి వస్తుంది. ఊరు ఉత్తరాన ఉంది. అగరుబత్తి ముట్టించుకొని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిలబడి పొగ ఎటు పోయేది చూసినాను. గుట్ట పక్కకే పోయింది. లారీల వాళ్ళు నేను పూజ చేస్తున్నాననుకొని దండం పెట్టినారు.

ఇదంతా ఇంటికి వచ్చి అన్నం దగ్గర చెప్పినాను. మల్లికార్జున తల ఎత్తకుండా తింటూ ఉండినాడు. చేయి కడుక్కొని వచ్చి, "ఆడ త్రీఫేజు ల్యా. ఆ సంగతి చూసుకొంటివా?" అన్నాడు. నాతో మాట్లాడిన మొదటి మాట అది. లేదన్నాను. "చూసుకోవు. నీకి పురుగు తప్ప ఏం కనపడ్తాది" అని మరునాడు కరెంటు ఆఫీసుకు తనే పోయినాడు.

అక్కడ ఆలస్యమైంది. దీపావళి కవర్లు పోయినాయి, హిందూపురంలో వేరే వాళ్ళు వేసినారు. ఆ మాట వాడు ఇప్పటికీ అంటాడు. అననీ. ఒక గిరాకీ మాత్రం తిరిగి రాలేదు, సేమ్యా ఆయన.

మిషను పోయిన వారం ట్రాక్టరు మీద పోయింది. ప్రెస్సులో ఫ్యాను తీసిన చోటు పెద్ద బొక్క మిగిలింది. మల్లికార్జునే ఇటుకలు తెచ్చి తాపీ పట్టుకొని పూడ్చినాడు. అవతల నుంచి ఖాజా హుస్సేన్ వాళ్ళ పక్క గోడకు సిమెంటు పూసినాడు. పూస్తున్నంతసేపూ ఇద్దరూ ఒకర్నొకరు తాపీ పట్టుకోవడం రాదని తిట్టుకున్నారు. వింటుంటే నాకు బాగుండింది. హబీబా నీ ఉత్తరం చదివించుకుందంట, ఏముందో నాకూ చెప్పలేదు. కొట్టం కడిగి, సున్నం కొట్టి, పోయిన శుక్రవారం కొత్త పురుగు తెచ్చింది.

నేను ట్రెడిల్ మీదనే ఉన్నాను. మల్లికార్జున పొద్దున చేని కొట్టానికి పోయి సాయంత్రం వస్తాడు. ప్రెస్సులో ఇప్పుడు గిరాకీతో మాట్లాడాల్సింది నేనే. మొదట కష్టమైంది. అలవాటు అవుతోంది. నిన్న ఒకాయన పత్రికల మీద బేరం చేస్తే కుదరదన్నాను.

చోటు మారితే రాసి తెలపాలని నువ్వు అప్పుడే రాసి ఉన్నావు. కొత్త చోటు వివరం, ఇప్పటి వాడకం ఇందులో పెట్టినాను. మల్లికార్జున, నేను, ఇద్దరం సంతకం చేసినాము. ఈసారి కిరసనాయిలు అందులో కలపలేదు. అది ఆ మిషనుది కాదు.

ఆ మినహాయింపు మళ్ళీ తెప్పించి పంపు. ఈసారి నాకు అది కావాలి.

మీ మామ
గంగప్ప